దారి తప్పి దిగిన కణాలు

బస్సు కండక్టరుగా చేరిన నాటి నుంచీ అతని నోటికి మూత పడలేదు. తన గొంతు లేకపోతే బండి కదలదని అతని నమ్మకం. ఇంట్లో మాత్రం ఆ గొంతుకు విలువ లేదు. "ఒరేయ్, ఇది బస్సు కాదు, మెల్లిగా ఏడువు," అనేది అక్క.

దగ్గు ఎంతకీ తగ్గక స్కానింగు తీయిస్తే, రెండు ఊపిరితిత్తుల మధ్య గడ్డ కనిపించింది. మందుకు లొంగే రకమో కాదో తెలియాలంటే సూది గుచ్చి చిన్న ముక్క తీసి చూడాలన్నారు. తాగుబోతులను మెడపట్టి దించిన మనిషి సూది మాట వినగానే తలుపు వైపు చూశాడు.

"జనాన్ని ఊపిరాడకుండా కుక్కినందుకు నా ఛాతీలోనే ఎవరో సీటు పట్టేశారక్కా. టికెట్ కూడా తీసుకోలేదు."

"వాగింది చాలు, పద," అంది అక్క. చేతిసంచీని మాత్రం గుండెకు హత్తుకుంది.

స్కానింగు బల్ల మీద పడుకోబెట్టి, "ఊపిరి బిగబట్టండి. మాట్లాడకూడదు," అంది డాక్టరమ్మ. సూది దిగింది.

"అయిందా మేడం?" అని నర్సు మెల్లగా అడిగింది.

"రైట్ రైట్," అన్నాడు కండక్టరు.

ఛాతీ కదిలింది. సూది పక్కకు జరిగింది. డాక్టరమ్మ దాన్ని బయటకు తీసేసి అతని వంక చూసింది.

"అలవాటు మేడం. నిద్రలో కూడా అంటానట."

"ఈసారి మేం రైట్ అనేదాకా మీరు ప్యాసింజరే," అంది నర్సు.

ప్యాసింజరుగా ఉండటం ఎంత భయమో అతనికి అప్పుడే తెలిసింది. రెండోసారి సూది దిగి ముక్క తీసేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

ఫలితం వచ్చేదాకా డ్యూటీలో 'ఆఖరి స్టాపు' అన్న మాట అతని నోట రాలేదు. బస్టాండు రాగానే తలుపు తెరిచి పక్కకు నిలబడేవాడు.

"ఇది బీజకణాల గడ్డ," అంది డాక్టరమ్మ. "సంతానానికి మూలమైన ఆ కణాలు, తల్లి కడుపులో ఉన్నప్పుడే కిందికి, వృషణాల్లోకి చేరాలి. మీలో కొన్ని దారి తప్పి ఛాతీలో ఆగిపోయినట్టున్నాయి. అరుదైన జబ్బే, కానీ మీకొచ్చిన రకం మందులకు బాగా లొంగుతుంది."

అతను ఛాతీ తడుముకున్నాడు. "అంటే స్టాపు తెలియక మధ్యలో దిగిపోయాయన్నమాట. కండక్టరు సరిగ్గా అరవలేదు మేడం."

"అరవాల్సినప్పుడు నోరు పెగల్లేదు వెధవకి," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

"మందు రేపే మొదలుపెడదామా?" అని అతన్ని అడిగింది డాక్టరమ్మ.

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించినా గొంతులో గాలే తప్ప శబ్దం లేదు.

అక్క అతని భుజం మీద చెయ్యి వేసి, "రైట్ రైట్," అంది.