లాన్ అంచున గంగవాయిలి కూర

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో, తొలి కడుపుతో ఉన్న నాకు రక్తం తక్కువైంది. డాక్టర్ లివర్ తినమన్నాడు. మాంసం ముట్టనంటే ఐరన్ మాత్రలిచ్చాడు. వేసుకున్న ప్రతిసారీ వాంతే. ఆకుకూరలంటారా, మా సూపర్ మార్కెట్లో ఆకంటే లెట్యూస్ ఒక్కటే. దేశం ఆ చివర్నుంచి లారీల్లో ఐసు మీద వస్తుంది. నమిలితే వట్టి నీళ్లు. ఈ నీళ్లని మోసుకురావడానికి అంత డీజిల్ తగలెయ్యాలా!

పురుడు పోయడానికొచ్చిన అమ్మ ఒకరోజు అపార్ట్‌మెంట్ వెనక లాన్ అంచున కూలబడి కేకేసింది.

"ఒసే, ఇలా రా! ఇదంతా గంగవాయిలి కూరే! వీళ్లకి కళ్లు లేవా, తొక్కుకుంటూ పోతున్నారు?"

నిజమే. ఎర్ర కాడలు, బొద్దు ఆకులు. ఎవరూ విత్తనం వెయ్యలేదు, నీళ్లు పొయ్యలేదు. అమ్మ రోజూ పప్పులో వేసి కొసరి కొసరి తినిపించింది. ఆ అన్నం కడుపులో నిలిచింది. తర్వాతి పరీక్షలో రక్తం కాస్త పెరిగింది. సంతోషంతో ఏడ్చేశాను.

అక్కడితో ఊరుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది? ఒకరి దొడ్లో కోసిన కూర వాళ్లకి పెట్టకుండా తింటే అరగదట. గిన్నెడు పప్పు పట్టుకుని, నన్ను లాక్కుని మేనేజర్ ఆఫీసుకెళ్లింది.

"మీ లాన్‌లోదేనని చెప్పవే."

చెప్పాను. ఆయన మొహం సిగ్గుతో కందగడ్డయింది. "లాన్‌లో వీడ్స్ ఉన్నాయా? వెరీ సారీ, మ్యామ్. రేపే మనిషిని పంపిస్తాను."

వద్దు, ఉంచండి, మేం తింటున్నాం అని బతిమాలాను. మొహమాటపడుతున్నాననుకున్నాడో ఏమో, నవ్వి తలూపాడు.

మర్నాడు వీపున ట్యాంకు తగిలించుకుని ఒక మనిషొచ్చి కలుపు మందు కొట్టిపోయాడు. వారం తిరక్కుండా కూరంతా మాడిపోయింది. గడ్డి మాత్రం నిగనిగలాడింది. ఏం చేసుకోను ఆ గడ్డిని, వండుకోనా? మేనేజర్ ఎదురుపడి, "ఇప్పుడు నీట్‌గా ఉంది కదూ?" అన్నాడు. మంచివాడే. ఆ మంచితనానికే నాకు ఒళ్లు మండింది.

మళ్లీ మాత్రలు, మళ్లీ వాంతులు. రక్తం పడిపోయింది. పాప నెలలు నిండకుండానే పుట్టింది. కూర లేకే ఇలా అయిందని ఏ డాక్టరూ అనలేదు. అమ్మ మాత్రం అదే పట్టుకుంది. అద్దాల పెట్టెలో గొట్టాల మధ్య పడున్న పాపని చూస్తూ నిలబడిపోయింది. నీ తప్పేముందమ్మా అన్నాను.

"ఒకరికి పెట్టి తినడం తప్పవుతుందని నాకెవరూ చెప్పలేదే" అంది.