వియ్యంకుడి నడుము నొప్పి

మా మనవరాలిని తొట్టిలో వేసిన రోజు నేను తాగి వచ్చాను. సంతోషంతో తాగాను. దుఃఖమొచ్చినా, వానొచ్చినా, టమాటాకు రేటొచ్చినా తాగేవాణ్ణే అనుకోండి. "తాతొచ్చినాడు!" అని కేకేసి బిడ్డను ఎత్తాను. కాళ్ళు తడబడ్డాయి. మా ఆవిడ చటుక్కున అందుకోబట్టి సరిపోయింది. నా కూతురు అరవలేదు, తిట్టలేదు. బిడ్డను ఒళ్ళోకి తీసుకుని ఒకటే మాట చెప్పింది.

"మూణ్ణెల్లు మందు ముట్టకుండా ఉండు నాయనా. అప్పుడే నీ చేతికిస్తా."

పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. మదనపల్లెలో నా సొంత ఇంట్లో నాకే నిషేధం! తొట్టి దాకా పోవచ్చు, చెయ్యి పెట్టకూడదు. కాపలాకు మా ఆవిడ.

దానికి తోడు వియ్యంకుడొకాయన. వారం వారం రామసముద్రం నుంచి వచ్చేవాడు. ఇస్త్రీ పంచె, నుదుట విభూతి, నోట్లో ఎప్పుడూ ఏలక్కాయ. మర్యాదకు మా ఆవిడ బిడ్డను ఎత్తుకోమంటే, "నడుము నొప్పమ్మా" అని దూరంగా కూర్చునేవాడు. ఎత్తుకునే భాగ్యం ఉండీ వద్దంటాడే, ఎంత పొగరు! నాకు కడుపు మండిపోయేది.

ఒంటరిగా మానడం నావల్ల కాలేదు. నాలుగు రోజులు మానడం, ఐదో రోజు మొదటికి రావడం. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆదివారం పొద్దున ఒకచోట చేరి మాట్లాడుకుంటారని, పేరు కూడా అడగరని ఎవరో చెబితే మదనపల్లెలోనే ఆ గది వెతుక్కుంటూ పోయాను. తలుపు తీస్తే ఎదురు కుర్చీలో, టీ గ్లాసుతో, మా వియ్యంకుడు.

ముందు తేరుకున్నది ఆయనే.

"ఈడ ఫ్యాన్లు రిపేరు చేస్తారంటే వచ్చినా బావా."

"నేను కుర్చీలు అమ్మేదానికొచ్చినా బావా."

గదిలో ఉన్నవాళ్ళు ఫ్యాన్ వైపు, కుర్చీల వైపు చూశారు. నేను మెట్లు దిగి పరుగో పరుగు.

పేరు అడగకపోతే ఏం లాభం, కూతురి మామగారే ఎదురుగా కూర్చుంటే? మరుసటి ఆదివారం పుంగనూరు పోయాను. అక్కడా అలాంటి గదే, మేడమీద. మూలన కూర్చుని హమ్మయ్య అనుకున్నానో లేదో, తలమీద తువ్వాలు కప్పుకుని ఒకాయన లోపలికొచ్చాడు. తువ్వాలు తీశాడు. ఇంకెవరు!

"సదుం పోతాండాను బావా. ఈడ కాఫీ బాగుంటాదంటే ఎక్కినా," అన్నాడు. "మీరేంది ఈడుండారు?"

"పుంగనూరు ఆవును కొందామని."

"మేడమీద ఆవు యాడుంటాది బావా?"

"పొట్టి ఆవు గదా," అన్నాను. ఏం చెప్పమంటారు మరి!

ఇక కుప్పమే గతి. అరవం, కన్నడం కలిసిన ఊరు, నన్నెవరు గుర్తుపడతారు? బస్సెక్కితే కిటికీ పక్కన ఆయన. నన్ను చూసి కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. కుప్పందాకా అలాగే నటించాడు, మహానుభావుడు. నేను ముందు, ఆయన వెనక, ఒకే సందులో నడిచి ఒకే గడప ఎక్కాం. అబద్ధాలు ఇద్దరికీ అయిపోయాయి.

అక్కడ పెద్దదిక్కు ఒక రిటైరైన నర్సమ్మ. కొత్తవాళ్ళు మాట్లాడండి అంది.

"మీరు ముందు బావా," అన్నాను. పిల్లనిచ్చినవాణ్ణి, మగపెళ్ళివారికంటే ముందు నోరు విప్పితే ఏం మర్యాద?

"అయ్యో, పెద్దోళ్ళు, మీరే ముందు."

"ఉహూ, మీరే."

టీలు చల్లారిపోయాయి. నర్సమ్మకు ఒళ్ళు మండింది. "మీరు పెండ్లికొచ్చినారా, మందు మానేదానికొచ్చినారా?"

ఆయన లేచాడు. విభూతి చెమటకు కారిపోతోంది.

"నాకు నడుము నొప్పి లేదప్పా," అన్నాడు. "నా కోడలు బిడ్డను నా చేతికియ్యదు. మూణ్ణెల్లు తాగకుండా ఉండు మామా, అప్పుడిస్తానంది. ఈయన ముందర మాత్రం నా పరువు తీయలేదు తల్లి. అడిగితే నడుము నొప్పని చెప్పమన్నింది."

నా కూతురు! నా సంగతి ఆయనకు చెప్పలేదు, ఆయన సంగతి నాకు చెప్పలేదు. బాలింత పిల్ల ఇద్దరు ముసలోళ్ళ పరువు కొంగున కట్టుకుని తిరిగింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఆయనా అంతే. గదంతా మావైపే చూస్తోంది. లేచి నా సంగతి కూడా చెప్పేశాను, తొట్టి దగ్గర కాళ్ళు తడబడిన సంగతితో సహా.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒకే సీట్లో కుప్పం. మందు యావ పుట్టినప్పుడల్లా ఆయనకు ఫోన్ చేసేవాణ్ణి. "ఏలక్కాయ నమలండి బావా," అనేవాడు. మూణ్ణెల్లలో ఎన్ని నమిలానో నాకే తెలియదు.

నాకు గడువు ఆయనకంటే ఆరు రోజులు ముందే నిండింది. అయినా ఆగాను. వియ్యంకుణ్ణి వదిలి ముందే ఎత్తుకుంటే బాగుండదు కదా! తొట్టి పక్కనే కూర్చుని ఆరు రోజులు బిడ్డ కాలి వేళ్ళు చూస్తూ గడిపాను.

ఏడో రోజు ఆయన వచ్చాడు. నా కూతురు బిడ్డను తెచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"ఎవురు ముందు?"

"మీరు ముందు బావా," అన్నాడు ఆయన మర్యాదగా.

ఈసారి నేను మర్యాదకు పోలేదు. రెండు చేతులూ చాపేశాను.