నాన్న వదలని తాడు

విమానం చూస్తూ వల వదిలేసిన మనిషని మా నాన్నను గురించి పులికాట్ ఒడ్డున ఇప్పటికీ చెప్పుకుంటారు. వల తాడు వదిలింది ఆయన కాదు, నేను.

విమానం మోత వినబడితే నాన్న తలగుడ్డ తీసి, అది కనుమరుగయ్యేదాకా ఊపేవాడు. "కొంగ రెక్కలాడిస్తది. ఇది ఆడించకుండానే పోతా ఉండాది, చూడరా!" అంటూ చిన్నప్పుడే నాకూ ఆ పిచ్చి అంటించాడు.

మా సరస్సులో రొయ్యలు బాగా పడే చోట వల వేయడానికి వంతులుంటాయి. 1950ల చివర్లో, మా జట్టు వంతు వచ్చిన రోజున, పద్దెనిమిదేళ్లవాణ్ణి నేను ఆకాశంకేసి చూస్తూ తాడు జారవిడిచాను. పడ్డ రొయ్యలన్నీ నీళ్లలో కలిసిపోయాయి. పెద్దలు నిలదీస్తే నాన్న ముందుకొచ్చి, "నేనేనయ్యా వదిలింది" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఏడాదిపాటు ఆయన వల ముట్టకూడదన్నారు. ఆయన వంతు నాకిచ్చారు.

"ఏం విమానమన్నా, ఈపొద్దు రొయ్యల్ని ఏ ఊరికి తోలినావు?" అని ఒడ్డున ఎగతాళి చేసేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. కానీ ఆ తర్వాత మోత వినబడినా తలెత్తలేదు. నేను పక్కనుంటే మాత్రం మెల్లగా, "ఎట్టా పోతా ఉందిరా? రెక్కలు మెరస్తా ఉండాయా?" అని అడిగేవాడు. నేను చూసి చెప్పేవాణ్ణి.

ఏడాది తిరక్కముందే జ్వరమొచ్చి పోయాడు. పాడె మోసేవాళ్లలో ఒకాయన కూడా, విమానం చూస్తూ వల వదిలేసిన మనిషనే అన్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్లకు, ఆ తీర్పు చెప్పిన పెద్దలు ఒక్కరూ మిగల్లేదు. ఇప్పుడు ఎవరి ముందు నిలబడి ఒప్పుకోవాలో నాకు తెలియడం లేదు.