ప్రశ్నల మాస్టారు

ఆ క్రైస్తవ పాఠశాలలో చిన్నవాళ్ళ చేత వల్లె వేయిస్తారు, పెద్దవాళ్ళకు వాదించడం నేర్పుతారు. మధ్యనున్న ఏడో తరగతి ప్రశ్నల మాస్టారిది. పొద్దున్నే విశ్వాస ప్రమాణం లాటిన్‌లో ఒకసారి, మన భాషలో ఒకసారి చెప్పించి, బల్ల అంచు మీద కూర్చుంటాడు. ఎవరేమడిగినా జవాబు చెప్పడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "నువ్వేమనుకుంటున్నావు?" అంటాడు. ఏదో ఒకటి చెబితే, "నీకెలా తెలుసు?" అంటాడు. ఇంట్లోనూ అదే వరస. "మీతో వేగలేను బాబూ" అంటూ భార్య అడక్కుండానే వడ్డించేస్తుంది.

ఆ రోజు, తల్లి పోయాక మొదటిసారి బడికొచ్చిన అమ్మాయి లేచి నిలబడింది. జడ తనే అల్లుకున్నట్టుంది, అప్పటికే సగం ఊడిపోయింది. "సార్, మా అమ్మ నాకు మళ్ళీ కనిపిస్తుందా?" కళ్ళజోడు దానంతటదే నుదుటి మీదికి వెళ్ళింది. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాక గానీ తన మాట తనకే వినపడలేదు. "తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను సార్?" అంది ఆ పిల్ల. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న జవాబు పొద్దున చెప్పించిన ప్రమాణంలోనే ఉంది. ఏళ్ళ తరబడి రెండు భాషల్లో అందరి చేతా చెప్పించిన మాటే, ఒక్క పిల్లకు తను చెప్పాల్సి వచ్చేసరికి బల్ల అంచు మీంచి చెప్పలేకపోయాడు. వెళ్ళి ఆమె పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "కనిపిస్తుందమ్మా" అన్నాడు.

మాస్టారు జవాబు చెప్పాడు! పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆ అమ్మాయి మాత్రం ఆయన కళ్ళలోకే చూస్తూ, ఆయన నేర్పినట్టే, నెమ్మదిగా అడిగింది.

"మీకెలా తెలుసు సార్?"