నలభై ఒక్కసార్లు ‘అర్థం కాలేదు’ అన్న లాన్

అది 2024 నవంబరు. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగులకు శిక్షణ పాఠాలు తయారుచేసే ఒక సంస్థలో నేను లెర్నింగ్ డిజైనర్‌ని. ఏ పాఠం ఎవరికి, ఏ వరుసలో, ఏ ప్రశ్నలతో చెప్పాలో నిర్ణయించడం నా పని. ఆ ఏడాది వియత్నాం దక్షిణ తీరంలోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ మాకు పని అప్పగించింది. బ్రిటన్ దుకాణాలకు సరుకు పంపే ఆ ప్లాంట్, కార్మికులకు ఆహార భద్రత పాఠాలను ఏఐ ద్వారా నేర్పించాలనుకుంది. కార్మికురాలు టాబ్లెట్‌లో పాఠం చూసి ‘అర్థమైంది’ అనో ‘అర్థం కాలేదు’ అనో నొక్కాలి. రెండోది నొక్కితే ఏఐ ఆమె సందేహం అడిగి, ఆమె భాషలోనే మళ్లీ వివరిస్తుంది. ఆ రెండోదాన్ని ఎక్కువసార్లు నొక్కినవారి పేరు ఎర్రరంగులో చూపాలన్న నియమం నాది. తేదీతో సహా నా డైరీలో ఉంది కనుక ఇంకొకరి మీదికి నెట్టలేను.

నవంబరు 12, మంగళవారం ఉదయం మా డేటా విశ్లేషకురాలు, వరంగల్‌కు చెందిన శ్రీలత, లాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అక్కా, ఆరు వారాల లెక్క వచ్చింది. ఒక్క పేరే ఎర్రగున్నది. లాన్ అంట, రొయ్యలు ఒలిచే సెక్షన్ల పని. నలభై ఒక్కసార్లు అర్థం కాలేదన్నది.”

“మిగతావాళ్లు?”

“అరవై మూడు మంది. అందరికీ సున్నా. మనం గింత మంచిగ పాఠాలు రాస్తమని నాకెప్పుడూ అనిపించలే.”

నవ్వాను కానీ, ఆ ఎర్రరంగు ఊరికే పోయేది కాదు. శుక్రవారం కాంట్రాక్టులు పొడిగించే జాబితా ఖరారవుతుందని, ఎర్ర పేర్లను తొలగిస్తామని అక్కడి సిబ్బంది అధికారి మిన్ ముందే రాశారు. లాన్ వయసు నలభై ఆరు. పద్నాలుగేళ్లుగా అదే ప్లాంట్‌లో ఉంది. నా నియమం ఆమె ఉద్యోగం తీసేయడానికి మూడు రోజులే మిగిలాయి.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించి విడదీశాను. ఒలవడం గురించి తొమ్మిది. గ్రేడింగ్, అంటే సైజుల వారీగా వేరుచేయడం గురించి పదమూడు. గ్లేజింగ్, అంటే గడ్డకట్టిన రొయ్యకు పలుచటి మంచుపూత పట్టించడం గురించి పదకొండు. ప్యాకింగ్‌లోని మెటల్ డిటెక్టర్ గురించి ఎనిమిది. మొత్తం సరిపోయింది, మనిషే సరిపోలేదు. భీమవరం దగ్గర మా పిన్ని రొయ్యల షెడ్డులో పనిచేసేది. ఒలిచే మనిషికి ఐసునీళ్ల ముందు నుంచి లేవడానికే తీరిక ఉండదు. మెటల్ డిటెక్టర్ ఎందుకు మోగుతుందన్న సందేహం ఆమెకెందుకు వస్తుంది?

బుధవారం ఉదయం ఎనిమిదికి, అక్కడ మధ్యాహ్నం మూడుకు, వీడియో కాల్ పెట్టించాను. మిన్ అనువదించారు. లాన్ నెత్తి మీద తెల్లటోపీ తీయకుండానే కూర్చుంది.

“నాకు బుద్ధి మందం. నేర్చుకుంటాను,” అంది ముందుగానే.

“లాన్, నేనూ రొయ్యల ఊరిదాన్నే. ఒలిచేవాళ్లు మెటల్ డిటెక్టర్ దగ్గరికి పోరు. ఆ ఎనిమిది ప్రశ్నలు ఎవరివి?”

ఆమె మిన్ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసి నవ్వేసింది. మనలాగే వాళ్లకూ వరుస పెట్టి పిలవడమే మర్యాద. అయిదేళ్లు పెద్దదాన్ని కనుక నన్ను అక్కా అంది.

“ప్యాకింగ్ పిల్లలవి, అక్కా. మిగతావీ అంతే, ఆయా సెక్షన్లవాళ్లవి. అర్థం కాలేదంటే సూపర్‌వైజర్ సరిగ్గా చెప్పలేదన్నట్టు అవుతుంది. ఆయన వాళ్లకు అన్నలాంటివాడు. చిన్నవాళ్లు ఆ మాట ఎలా అంటారు? అందరిలో నేనే పెద్ద. నేనడిగితే, ముసలిది, మర్చిపోయిందిలే అనుకుంటారు. వాళ్లు భోజనాల దగ్గర నాకు చెబుతారు, నేను ఏఐని అడిగి వాళ్లకు చెబుతాను.”

మిన్ అనువాదం ముగించారు. తర్వాత, “మేడమ్, ఆ పాఠాలు చూసి నేనూ అర్థమైందనే నొక్కాను. సగం అర్థం కాలేదు,” అన్నారు.

తప్పు నియమానిదని, లాన్‌ది కాదని రెండు పేజీలు రాసి ఆ రోజే ప్లాంట్‌కు పంపాను. శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి జవాబు వచ్చింది: లాన్ కాంట్రాక్టు పొడిగించారు. ప్రశ్నల పక్కన పేర్లు కనిపించకుండా, వాటికి మార్కులు లేకుండా మేము పద్ధతి మార్చాం.

ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండవలసింది. షెఫీల్డ్‌లో నా మొదటి ఉద్యోగంలో ఎనిమిది నెలలు అన్నింటికీ తల ఊపినదాన్ని నేను. అయినా, ప్రశ్న లేకపోవడాన్ని తెలివిగా, ప్రశ్నను లోపంగా లెక్కకట్టాను. ఇప్పుడు ఏ నివేదిక వచ్చినా ముందు సున్నాలనే చూస్తాను. ఆ అలవాటు నేర్పినందుకు లాన్‌కు, అరవై మూడు సున్నాలను నమ్మనందుకు శ్రీలతకు నేను రుణపడి ఉన్నాను.

నాలుగు వారాల తర్వాత ప్లాంట్ నుంచి వచ్చిన ప్రశ్నలు నూట యాభై ఎనిమిది.

“గిప్పుడు నమ్ముతనక్కా,” అంది శ్రీలత. “మన పాఠాలు గిట్లనే ఉంటయి.”

తర్వాతి వీడియో కాల్‌లో ఆ అంకె చెబితే లాన్ టోపీ సర్దుకుంది.

“అందులో మూడు నావి, అక్కా. ఏవో మాత్రం చెప్పను.”