మూడు వైర్ల ముసల్ది

కువైట్‌లోని అబూ హలీఫాలో మేముండే ఫ్లాటులో మూడు గదులు, మూడు కుటుంబాలు, ఒకటే వంటిల్లు. వైఫై డబ్బాను ఎవరి గదిలో పెట్టినా మిగతావాళ్ళకు మనసు కష్టంగా ఉంటుందని, అందరికీ సమానంగా వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టారు. దాని పక్కనే మైక్రోవేవ్. చాలా న్యాయమైన ఏర్పాటు. ఒకటే చిక్కు, ఎవరు కూర వేడి చేసుకున్నా నా లాప్‌టాప్ నెట్ అందక సొమ్మసిల్లేది.

దాన్ని అందరూ ముసల్ది అనేవారు. కడపలో లెక్కల టీచరుగా ఉన్నప్పుడు నా జీతంతో కొనుక్కున్నది. అప్పటికే ఏదో ఆఫీసులో వాడి అమ్మేసిన సరుకు, ఇటుకంత బరువు. కువైట్‌కు వచ్చేటప్పుడు పెట్టెలో చీరలు తగ్గించి మరీ దాన్ని తెచ్చుకున్నానని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. కడపలో నన్ను బజారులో కూడా టీచరమ్మా అని పిలిచేవారు. ఇక్కడ నేను ఫలానా ఆయన భార్యను, వంటింటి పక్క గదిలో ఉండే ఆమెను. నాకు ఆ పిలుపు మళ్ళీ కావాలి. ఈ మాట మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. భిన్నాల కూడిక మధ్యలో ఉండగా వంటింట్లో ఎవరో మైక్రోవేవ్ తిప్పారు. తెర మీద నా ముఖం తెరిచిన నోటితో అలాగే ఆగిపోయింది. అవతలి మేడమ్ మర్యాదగానే చెప్పింది, శుక్రవారం ఇంకొక్క అవకాశం ఇస్తామని, అప్పుడూ ఇలాగే అయితే కుదరదని.

"ఖలాస్, దాని పని అయిపాయ. ఫహాహీల్ బజారుకు పోయి కొత్తది తెచ్చుకుందాం పా," అన్నాడు మా ఆయన. పెద్ద గదిలో ఉండే రాయచోటి అన్న తన కొత్త లాప్‌టాప్ తెచ్చి చూపించాడు. "ఇంగ దాన్ని పారేయ్‌మ్మా. నాది సూడు, ఎంత సన్నంగుందో!"

నాకు ఒళ్ళు మండింది. పాతబడిందని పారేసేముందు లోపల ఏముందో ఒకసారి చూడాలా వద్దా? నేను మాత్రం పాతబడ్డ టీచరును కానా?

మా ఆయన డ్యూటీకి వెళ్ళగానే స్క్రూడ్రైవర్ తీసుకుని అడుగు మూత విప్పాను. లోపల ఇసుక దుమ్ము. పెయింట్ బ్రష్‌తో దులిపేసరికి ఒక మూల అగ్గిపెట్టెంత కార్డు కనబడింది. వైఫైని పట్టేది అదే. దానికి మూడు సన్నని వైర్లు. కార్డు మీది నంబరును ఫోన్‌లో వెతికాను. ఒక్కో వైరు ఒక్కో యాంటెన్నాకు పోతుందట. ఆఫీసుల కోసం చేసిన మంచి రకమట. కొత్త లాప్‌టాప్‌లలో చౌకవాటికి ఒకటో రెండో ఉంటాయట.

అసలు సంగతి ఇంకొకటి. వైఫైకి రెండు దారులుంటాయి. ఒకదానిలో బిల్డింగు మొత్తం తోసుకుంటుంది, మైక్రోవేవ్ అల్లరి కూడా అందులోనే. రెండోది ఖాళీగా, వేగంగా ఉంటుంది, కాకపోతే గోడలు దాటి దూరం పోలేదు. నా ముసల్దానికి ఆ రెండో దారి కూడా తెలుసు. దాన్ని వాడిన ఆఫీసువాళ్ళెవరో సెట్టింగుల్లో మొదటి దారికే కట్టేసి వదిలారు. కట్టు విప్పాను. ఇక దూరమంటారా, ఆ డబ్బాకు అందరికంటే దగ్గర మేమే. చివర వచ్చినవాళ్ళకు మిగిలే పోపు వాసనల గది మొదటిసారి నాకు పనికొచ్చింది.

సాయంత్రం అన్న తన సన్నదాన్ని మా గదిలోకే తెచ్చి పక్కన పెట్టాడు. రెండింట్లోనూ స్పీడు చూశాం. మూడు వైర్ల ముసల్దే ముందుంది. "మళ్ళీ పెట్టుమ్మా," అన్నాడు. మళ్ళీ ముసల్దే. అన్న తల గోక్కున్నాడు. నా ముఖం అన్నీ చెప్పేసి ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం, అందరూ అన్నాలకు కూర్చునే వేళ, నా పాఠం. అన్న భార్య, నాకు వరసకు వదిన, వంటింటి తలుపు దగ్గర కాపలా నిలబడింది. "ఇయ్యాల ఎవురూ మైక్రోవేవ్ ముట్టుకోగాకండి. సల్లటి బిర్యానీ తింటే ఎవురూ సచ్చిపోరులే," అని అందరికీ హుకుం వేసింది.

ఆమె మంచితనానికి నా కళ్ళు చెమర్చాయి. పౌరుషం కూడా పొడుచుకొచ్చింది. ఆమె చేతిలోని బిర్యానీ పళ్ళెం తీసుకుని మైక్రోవేవ్‌లో పెట్టి, బటన్ నేనే నొక్కాను. "యల్లా, కానివ్వండి వదినా, వేడిగా తినండి," అని గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

గోడ అవతల మైక్రోవేవ్ తిరుగుతోంది. ఇవతల నేను భిన్నాలు కూడుతున్నాను. తెర ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో మేడమ్ అంది, "ఆదివారం నుంచి చేరండి. లైన్ చాలా బాగుంది, ఇదే లాప్‌టాప్ వాడండి, మార్చకండి." ముసల్దాని మూత మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

తలుపు తీస్తే వదిన ఎదురుగానే నిలబడి ఉంది. పళ్ళెంలో బిర్యానీ ముట్టినట్టు లేదు, మళ్ళీ చల్లారిపోయింది.

"ఏమాయ టీచరమ్మా?" అంది.