నాగార్జునకొండకు సున్నం పొట్లం

మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మారేడ్‌పల్లి నుంచి బస్సు మాట్లాడుకుని నాగార్జునసాగర్‌కు బయలుదేరారు. అందరి సంచుల్లో పులిహోర, మా అమ్మ సంచిలో సున్నం పొట్లం, కుంచె, చేమంతులు. నాకు ఒళ్ళు మండింది. విహారయాత్రకు సున్నమెందుకని అడిగితే, "సమాధుల పండుగ దగ్గరికొచ్చింది కదే" అంది.

నాకంటే ముందు పుట్టి, నడక రాకుండానే పోయిన అన్నయ్యను ఇప్పుడు సాగర్ నీళ్ళున్న లోయలోని మా ఊళ్ళోనే పాతిపెట్టారు. డ్యామ్ కడుతున్నారని ఊరు ఖాళీ చేయిస్తే, నాన్న రైల్వేలో పని చూసుకుని మౌలాలి వచ్చేశాడు. ఏటా పండుగనాడు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, అమ్మ సమాధుల తోట గేటు దగ్గరే నిలబడిపోయేది.

లాంచీలో అందరూ నీళ్ళను చూసి మురుస్తున్నారు. అమ్మ కళ్ళు మాత్రం ఎదురుగా దీవిలా తేలిన కొండమీదే.

"ఊరు మునిగిపోయింది కదమ్మా" అన్నాను.

"లోయలో ఉన్నవన్నీ కొండమీదికి తెచ్చి మళ్ళీ కట్టారంట. మనోణ్ణి మాత్రం వదిలేస్తారా?"



దీవిలో దిగాక అందరూ మ్యూజియంలోకి వెళ్ళారు. అమ్మ మాత్రం ఎండలో ఇటుక కట్టడాలన్నీ తిరిగింది. బుద్ధుడి స్తూపాలు, విహారాల పునాదులు, స్నానఘట్టం. చివరికి కాపలా మనిషిని అడిగింది.

"పిల్లల సమాధులు ఎటేపు పెట్టారు బాబూ?"

"గవి తేలేదమ్మా. పాతకాలం రాళ్ళే తెచ్చిన్రు."

అమ్మ ఏడవలేదు. "ఎప్పటివో రాళ్ళకు చోటు దొరికింది" అని మాత్రం అంది. నాకు ఆ రాళ్ళమీదే కోపమొచ్చింది. అవి అంత అందంగా ఉన్నందుకు ఇంకా కోపం.

తిరుగు లాంచీలో అమ్మ కొండవైపు చూడలేదు, నీళ్ళమీదికి వంగింది. "జెర పైలం, అమ్మా!" అంటూ మా సమాజంలోని తిరుమలగిరి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పువ్వులు నీళ్ళలో వెయ్యమన్నాను.

"ఎక్కడని వెయ్యను?" అంది.

చేమంతులు బస్సులోనే వాడిపోయాయి. సున్నం వాడదు కదా, ఇంటికి తెచ్చి అటక మీద పెట్టింది.

ఆ ఏడు పండుగకు అమ్మ మొదటిసారి గేటు దాటింది. ఎవరూ రాని, పేరు చెరిగిపోయిన ఒక చిన్న సమాధి ముందు కూర్చుని పొట్లం విప్పింది.

"ఎవరి బిడ్డో కదమ్మా" అన్నాను.

"వాళ్ళమ్మకు రాను దారి లేదేమోనే" అంది, సున్నంలో నీళ్ళు పోసి కలుపుతూ.